నేను తిట్టని మనిషి

మా వీధిలో నా నోటికి చిక్కని వాళ్ళు లేరు. పాలలో నీళ్ళు కలిపే ఆయన, కుళాయి దగ్గర వరస తప్పించి బిందె ముందుకు జరిపే ఆడవాళ్ళు, ప్రార్థన అయిపోయాక బడికి వచ్చే హెడ్మాస్టరు, ప్రసంగం సాగదీసే ఫాదర్‌గారు, అందరికీ ఏదో ఒక రోజు వడ్డించినదాన్నే. మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు కూడా దానికి తగ్గట్టే తయారైంది. మా ఆయన మాత్రం నవ్వేవాడు. "నువ్వు తిడతా ఉంటేనే ఇల్లు ఇల్లు మాదిరి ఉండాది. నువ్వు గమ్మునుంటే నాకి భయం" అనేవాడు.

నేను గమ్మునుండింది జీవితంలో ఒక్క మనిషి దగ్గరే. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన మా ఆయనకు బంగారు గనిలో జతగాడు. ఇద్దరిదీ భూమి లోపల కొయ్య దిమ్మెలు పేర్చి, పైన రాయి కూలకుండా ఆనిక నిలబెట్టే పని. చాంపియన్ రీఫ్స్ లైన్లలో, అంటే గని కార్మికుల వరస ఇళ్ళలో, మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా ఇంట్లో తాలింపు వేస్తే వాళ్ళకు తుమ్ము వచ్చేది. నన్ను అక్కా అనేవాడు, మా ఆయన్ని అన్నా అనేవాడు. మా రెండు కుటుంబాలూ తెలుగు మాట్లాడే కతోలిక కుటుంబాలే. చర్చిలో పూజ తమిళంలో, బజారులో మాట కన్నడంలో, ఇంట్లో తెలుగు. అలాగే పెరిగాం, అలాగే పెళ్ళిళ్ళయ్యాయి.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దాన్ని టోకెన్ అనేవాళ్ళం. దిగేటప్పుడు చూపించి వెంట తీసుకెళ్ళాలి, పైకి వచ్చాక టైమాఫీసు పలక మీద తగిలించాలి. పలక మీద ఏ నంబరు ఖాళీగా ఉంటే ఆ మనిషి లోపల ఉన్నట్టు. దొరల కాలంలో ఒకరి టోకెన్ మీద ఇంకొకరు దిగితే ఉద్యోగం ఊడేదని మా మామగారు చెప్పేవారు. గనులు సర్కారువి అయ్యాక ఆ భయం కొంచెం తగ్గింది. ఇంట్లో చావో పెళ్ళో ఉంటే జతగాళ్ళు టోకెన్ మార్చుకునేవారు, మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అందరూ చేసేదే, ఎవరూ తప్పనుకోలేదు.

ఒక ఏడు వాళ్ళ కూతురికి టైఫాయిడ్ వచ్చింది. పిల్ల దక్కదనుకున్నారు. బతికితే మాత పండుగ నాడు తేరుకు భుజం ఇస్తానని ఆయన మొక్కుకున్నాడు. పిల్ల బతికింది. పండుగ రోజున ఆయనకు మధ్యాహ్నం షిఫ్ట్ పడింది, సెలవు దొరకలేదు. మా ఆయనకు అది వారపు సెలవు. పొద్దున్నే నేను వేటకూరకు మసాలా నూరుతుంటే ఇద్దరూ గుమ్మంలో నిలబడి మాట్లాడుకున్నారు. మా ఆయన లోపలికి వచ్చి చొక్కా మార్చుకుంటూ, "మొక్కు ఉండాది గదా పాపం, నేను దిగి వస్తా. రాత్రికి వచ్చి తింటా. నాకి మూలగ బొక్క ఎత్తిపెట్టు" అన్నాడు. పండుగ పూట కూడా ఆ గుంతలోకేనా అని నేను తిట్టాను. ఆయన నవ్వుకుంటూ జతగాడి టోకెన్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆయనతో మాట్లాడిన చివరి మాట తిట్టే. దానికి నాకు బాధ లేదు, మా ఇంట్లో అది ముద్దు మాట.

సాయంత్రం తేరు మా లైన్లోకి తిరిగింది. బంతిపూలు, కొవ్వొత్తులు, ముందర బ్యాండు. ఆయన నడుముకు ఎర్రగుడ్డ కట్టుకుని ముందు కొయ్య కింద భుజం పెట్టి ఉన్నాడు. తేరు తెరల చాటున ముఖం కనబడకపోయినా నేను గుర్తుపట్టాను. సరిగ్గా మా గుమ్మం దాటుతుండగా నేల కదిలింది. ఆ కదలిక మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. లోపల ఎక్కడో రాయి పేలితే పైన అలమరలో గిన్నెలు దొర్లుతాయి. తేరు మీద మాత విగ్రహం ఒక పక్కకు వాలింది, మోసేవాళ్ళు నిలబెట్టారు. బ్యాండు ఆగింది. అందరం ముందు, మనుషుల్ని గనిలోకి దింపే షాఫ్ట్ చక్రం వైపు చూశాం. అది ఆగిపోయి ఉంది. తర్వాత సంగు, అదే గని సైరను, కూసింది. ఆపదకు కూసే ఆ కూత వినగానే ఆడవాళ్ళం చెప్పులు కూడా లేకుండా షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తాం.

రాగలిగినవాళ్ళు పైకి వచ్చాక, టైమాఫీసు ముందు ఒక గుమాస్తా పలక మీద ఇంకా ఖాళీగా ఉన్న నంబర్లు చదివాడు. చదివింది తన మగడి నంబరు కాకపోతే ప్రతి ఆడమనిషీ ఊపిరి వదిలి, పక్కదాన్ని పట్టుకుంటోంది. చివరికి ఆ జతగాడి నంబరు చదివారు. లైన్లోని ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా వాళ్ళావిడ మీద పడి ఏడ్చారు. చీర కొంగుతో ముఖం తుడిచారు, గుండెకు హత్తుకున్నారు. ఆ నంబరు మీద దిగింది ఎవరో ఆ గుంపులో మా ఇద్దరికే తెలుసు. ఆమె వాళ్ళ చేతుల్లోనుంచి నా వైపు చూసింది. నోరు తెరిచి చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేకపోయాను. నా భర్త పోయినందుకు ఊరంతా ఆమెను ఓదారుస్తుంటే నేను పక్కన ఒంటరిగా నిలబడి చూశాను.

అంతలో ఆయనే వచ్చాడు. నడుముకు ఎర్రగుడ్డ, మెడలో బంతిపూల దండ. చచ్చాడనుకున్న మనిషి నడిచి వస్తే జనం కేకలు పెట్టారు. కొందరు మోకాళ్ళ మీద పడ్డారు. "మాత కాపాడినాది, తేరు మోసినోణ్ణి మాత కాపాడినాది" అని ఒక ముసలామె చేతులెత్తి దండం పెట్టింది. ఆ మాట నా చెవిలో పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మా ఆయన్ని పైకి తేవడానికి చాలా రోజులు పట్టింది. టోకెన్ గొడవ యూనియన్ వాళ్ళు తీర్చారు, నాకు అన్యాయం జరగలేదు. ఖననం అయిన మర్నాడు ఆ జతగాడు మా గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. తల ఎత్తలేదు. నేను ఏదో అంటానని కాచుకుని ఉన్నాడని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ ముఖం చూశాక, ఒక్క మాట అంటే ఈ మనిషి అక్కడే కూలిపోతాడనిపించింది. "రా అప్పా, కూర్చో" అన్నాను. కాఫీ ఇచ్చాను. తాగి వెళ్ళాడు.

ఆ తర్వాత నేను ఆండర్సన్‌పేటకు మారిపోయాను. అయినా బియ్యం మూట మోయాలన్నా, కప్పు రేకు ఎగిరిపోయినా పిలవకుండానే వచ్చేవాడు. ప్రతి ఏటా నవంబరులో ఆత్మల పండుగకు నేను పూలూ కొవ్వొత్తులూ తీసుకుని వెళ్ళేసరికి మా ఆయన సమాధి చుట్టూ గడ్డి పీకి, తెల్లగా సున్నం కొట్టి ఉండేది. ఎవరు చేశారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వాళ్ళావిడ ఒకసారి చర్చి బయట నాతో, "నిద్దట్లో లేచి అక్క ఏమన్నా అనిందా అని అడుగుతాడక్కా. ఏం అన్లేదు పడుకోమంటే పడుకుంటాడు" అని చెప్పింది.

నేను అనలేదు నిజమే. లోపల మాత్రం కుంపటి ఆరలేదు. వాళ్ళ కూతురు మూడో తరగతికి నా దగ్గరికే వచ్చింది. చురుకైన పిల్ల. ఒక మధ్యాహ్నం ఆయన దానికి అన్నం క్యారియరు తెచ్చి, బడి అరుగు మీద కూర్చుని కలిపి తినిపిస్తున్నాడు. తండ్రి చేతిలో ముద్ద, పిల్ల నవ్వు. నాకు పిల్లలు లేరు. కిటికీలోనుంచి చూస్తుంటే నా మనసులోకి ఒక మాట వచ్చింది. నువ్వు ఆ జ్వరంలోనే పోయి ఉంటే మా ఆయన ఉండేవాడు కదా అని. వచ్చాక భయపడ్డాను. బోర్డు వైపు తిరిగి చాలాసేపు ఊరికే తుడుస్తూ నిలబడ్డాను.

అది ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం. ఆ శనివారమే ఫాదర్ చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను. మా పెద్ద ఫాదర్‌కు తెలుగు అరకొర. ఆయన దగ్గరికి వెళ్ళి ఉంటే సగం అర్థమై, మరియమ్మకు మూడు మంగళవార్త జపాలు చెప్పమని పంపేసేవారు. నా ఖర్మకు ఆ ఏడే పలమనేరు వైపు నుంచి తెలుగు బాగా వచ్చిన చిన్న ఫాదర్ వచ్చారు. మనసులో మాట మన భాషలో చెప్పుకోవచ్చని ఆశపడి ఆయన వైపు వరసలో నిలబడ్డాను.

చెక్క జాలీకి అవతల ఆయన చెవి మాత్రం కనిపించేది. అంతా చెప్పాను. టోకెన్, తేరు, పిల్ల, నాకు వచ్చిన ఆ మాట. ఆయన ఓపికగా విన్నారు. వినలేదని అనను.

"ఆయన ఇంటికి పోమ్మా" అన్నారు. "పోయి, నిన్ను క్షమించినాను అని నోటితో చెప్పు. చెప్పి వచ్చినాక సత్ప్రసాదం తీసుకో. అదే నీకు ప్రాయశ్చిత్తం."

"ఆయప్ప నన్ను క్షమించమని అడగలేదు సామీ."

"అడగకపోయినా చెప్పాల. మనసులో పగ పెట్టుకోని పీఠం దగ్గరికి రాకూడదు."

"నేను పోయి క్షమించినా అంటే, ఇన్నాళ్ళూ తప్పు నీదే అనుకున్నా అని చెప్పినట్లే గదా సామీ. అక్క ఏమీ అనుకోలేదు అనే మాట మిందే ఆ మనిషి బతికుండాడు. దాన్నెట్ల పీకేది? పాపం నాది. నాకేదన్నా ఇయ్యండి. ఉపవాసముంటా. సిలువమార్గం మోకాళ్ళ మింద చేస్తా."

"ప్రాయశ్చిత్తం అంగట్లో బేరం కాదమ్మా. నువ్వు ఆయన్ని కాపాడాలని చూస్తా లేవు. నీ అహంకారాన్ని కాపాడుకుంటా ఉండావు."

పొయ్యిలో నూనె పోసినట్టయింది. వేరే మనిషి అయితే అక్కడే కడిగేసేదాన్ని. జాలీ మీద చెయ్యి వేసి, "మీరు చదువుకున్నది మీకు తెలుసు సామీ. ఆ మనిషి మొగం నాకు తెలుసు. నేను పోను" అన్నాను. అట్లయితే పాపవిమోచనం ఇవ్వలేనని ఆయన మెల్లగా అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా మండింది. లేచి వచ్చేశాను. బయట వరసలో ఉన్నవాళ్ళు నా ముఖం చూసి తల దించుకున్నారు.

రాబర్ట్‌సన్‌పేట చర్చికి వెళ్ళి ఇంకో ఫాదర్ ముందు మోకరించి ఉంటే అయిపోయేది. చాలామంది చెప్పి ఉండేవాళ్ళు ఆ మాట, నేను ఎవరికైనా చెప్పుకుని ఉంటే. కానీ బేరం అన్నారు కదా, ఒక అంగట్లో కుదరకపోతే ఇంకో అంగడికి పోయే రకం అనిపించుకోకూడదనుకున్నాను. అందులో అహంకారం ఉంది, కాదనను. ఆ ఆదివారం నుంచి పూజకు వెళ్ళేదాన్ని, పీఠం దగ్గర ఫాదర్ ఇచ్చే అప్పానికి, సత్ప్రసాదానికి, లేచేదాన్ని కాదు. బెంచీలో అందరూ లేచి వరసగా వెళ్తుంటే మోకాళ్ళు పక్కకు తిప్పి దారి ఇచ్చి కూర్చునేదాన్ని. చిన్న ఫాదర్ బదిలీ అయి వెళ్ళిపోయారు. ఇంకొకరు వచ్చారు, వాళ్ళూ వెళ్ళారు. నేను మోకాళ్ళు తిప్పుతూనే ఉన్నాను. ఊళ్ళో వాళ్ళకు తోచింది వాళ్ళు అనుకున్నారు. ఒంటరి ఆడమనిషి ప్రసాదం మానేస్తే ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. అన్నవాళ్ళను పట్టుకుని తిట్టాను.

సత్ప్రసాదం లేకుండా ఉండటం ఎలా ఉంటుందో మా మతంలో పుట్టని వాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. అందరితో కలిసి పంక్తిలో కూర్చుని, నాకు మాత్రం ఆకు వేయనట్టు ఉండేది. ఏడుపు వచ్చేది. అయినా ఒక ఊరట ఉండేది. నేను పస్తుంటే ఉండనీ, అవతల ఆ మనిషి నిద్రపోతున్నాడు, నా మాట వల్ల ఆయన ఇల్లు కూలలేదు అనుకునేదాన్ని. ఆదివారం ఆదివారం అదే చెప్పుకుని ఇంటికి వచ్చేదాన్ని.

గనులు మూతపడ్డాయి. చక్రం శాశ్వతంగా ఆగింది. లైన్లలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి, పిల్లలు పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి రావడం మొదలుపెట్టారు. ఆయన ఊపిరితిత్తుల్లో గని దుమ్ము మిగిలింది. నాలుగడుగులు వేస్తే రొప్పేవాడు. అలాగే రొప్పుతూ వచ్చి నవంబరులో సున్నం కొట్టి వెళ్ళేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వాళ్ళావిడ ఆటోలో వచ్చింది. "అక్కా, ఆయన నిన్ను పిలస్తా ఉండాడు. సాయంత్రం సామి నూనె పూసి కడపటి అభ్యంగం ఇచ్చేదానికి వస్తాడు. దానికి ముందే నిన్ను చూడల్లంట" అంది. వెళ్ళాను. పాత లైన్లో అదే ఇల్లు. గోడకు అవతల మా ఇంటికి తాళం, కప్పు లేదు. ఆయన మంచం మీద తలగడలకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదట. మనిషి దుప్పటిలోనే కలిసిపోయాడు. నేను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"అక్కా, ఒకటి అడుగుతా. నువ్వు ప్రసాదానికి లేయకుండా కూర్చునేది నా వల్లే గదా."

"కాదప్పా. అది నాకీ సామికీ ఉండే తగువు. నీకేం సంబంధం."

ఆయన తల ఊపాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "పాలాయన్ని తిడితివి. మేస్త్రీని తిడితివి. పెద్దసామిని గూడా తిడితివి. అన్నను దినామూ తిడితివి. నన్ను మాత్రం ఒక్కమాట అన్లేదు. నీవాళ్ళు అనుకుంటేనే గదక్కా నువ్వు తిట్టేది. ఆ పొద్దు నువ్వు కాఫీ ఇస్తివి చూడు, అప్పుడే తెలిసిపోయె. అక్క నన్ను తీసేసింది అని. ఆ కాఫీ ఇన్నేండ్లూ నా గొంతులోనే ఉండాది."

నేను జారిన తలగడ సరిచేసి ఆయన వీపు వెనక పెట్టాను.

"ఆదివారం మొగోళ్ళ పక్కనుంచి చూస్తా ఉంటా. అందరూ లేస్తారు, నువ్వు లేయవు. నేను పోయి ప్రసాదం తీసుకునేది, నువ్వు చూసేది. ఒక్కసారి తిట్టక్కా. సామి వచ్చేలోపల."

జన్మంతా నోరే ఆస్తిగా బతికినదాన్ని, ఆ క్షణాన ఒక్క మాట దొరకలేదు. ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు. గుమ్మంలో ఆ రోజు నిలబడినట్టే. అప్పుడు ఎక్కడినుంచో వచ్చింది.

"మొక్కు నీది, బిడ్డ నీది, భుజం నీది. నా మొగుడు ఎందుకు దిగల్లరా నీ టోకెన్ తీసుకోని? ఒక దినం పనికి పోకుంటే గని మునిగిపోయేదా? మూలగ పెట్టమని చెప్పి పాయె. ఆ గిన్నె నేనేం చేసినానో తెలుసునా నీకి? కూర పులిసినా పారబొయ్యలేదురా. వాసనొస్తే ఎదురింటోళ్ళు వచ్చి తీసుకోనిపోయి పారబోసిరి. తేరు మోసినోణ్ణి మాత కాపాడినాది అని ఊరంతా మొక్కె. నా మొగుడు నీ మొక్కు మోసినాడు గదరా. వాణ్ణెందుకు కాపాడలే?"

ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను. వాళ్ళావిడ వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. నేను ఆగితే, "ఇంగ" అన్నాడు. ఇంకా తిట్టాను. నా పెరట్లో సొరపందిరి తెంపినదీ, మా పెళ్ళిలో నా తమ్ముడితో గొడవపడినదీ, ఏవేవో పాతవన్నీ తీశాను. తిట్లు అయిపోయాక ఏడుపు మిగిలింది. ఆయన చెయ్యి వచ్చి నా చేతిని తాకింది.

"ఇంగ చాలక్కా" అన్నాడు.

ఆ వారం దాటకుండానే పోయాడు.

ఖననం అయ్యాక పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఇప్పటి ఫాదర్ ముసలాయన, చెవుడు కొంచెం. మొదటినుంచీ చెప్పాను. ఇప్పుడు పగ ఉందా అని అడిగారు. పగ పెట్టుకోవడానికి మనిషి లేడు సామీ అన్నాను. ఒక్క మంగళవార్త జపం చెప్పమన్నారు. అంతే. ఏళ్ళ తరబడి పస్తు ఉన్నదానికి ఒక్క జపం. బయట బెంచీలో కూర్చుని ఆ ఒక్కటీ పూర్తిచేయలేక మధ్యలోనే ఏడ్చాను. ఆదివారం లేచి వరసలో నిలబడి సత్ప్రసాదం తీసుకున్నాను. మగవాళ్ళ వైపు చూడలేదు.

ఆ చిన్న ఫాదర్ చెప్పింది విని ఉంటే ఆయన ఎప్పుడో ఊపిరి పీల్చుకునేవాడేమో. చాలాసార్లు అలా అనిపిస్తుంది. కానీ క్షమించాను అనే మాట ఆయన చివరి దాకా అడగలేదు. ఆయనకు కావలసింది అది కాదు. అది ఆ ఫాదర్‌కూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఫాదర్‌కు తెలియకపోవడంలో వింత లేదు, కొత్తగా వచ్చిన మనిషి. గోడకు ఇవతల కాపురం చేసినదాన్ని, నాకు తెలిసి ఉండాల్సింది.

నవంబరు వచ్చింది. ఎప్పటిలాగే పూలూ కొవ్వొత్తులూ బుట్టలో పెట్టుకుని సమాధుల తోటకు వెళ్ళాను. మా ఆయన సమాధి వానలకు నల్లగా పాచి పట్టి ఉంది. చుట్టూ మోకాలెత్తు గడ్డి. సిలువ మీద పేరు కూడా కనబడలేదు. నాకు ఒళ్ళు మండింది. పండుగ పూట ఇలా వదిలేస్తారా అని తిట్టడానికి నోరు తెరిచి, ఎవరిని తిట్టాలా అని చుట్టూ చూశాను. అప్పుడు గుర్తొచ్చింది.

బుట్ట అక్కడే పెట్టి వాళ్ళింటికి నడిచాను. గుమ్మంలో నన్ను చూసి వాళ్ళావిడ లోపలికి వెళ్ళింది. తలుపు వెనకనుంచి ఆయన సున్నం బకెట్టూ, కుంచె తీసి నా చేతికి ఇచ్చింది.